ఎవరికీ తెలియని రచయిత పుస్తకాన్ని సమీక్షించడం ఎలా?

పేరున్న రచయిత కొత్త నవల వస్తే నెల తిరిగేలోగా పదిమంది దాని గురించి రాస్తారు. ఒకరు కథను తప్పుగా అర్థం చేసుకుంటే మరొకరు సరిచేస్తారు. ఒకరు ఆకాశానికెత్తితే ఇంకొకరు కిందికి దించుతారు. పాఠకులు అన్నీ చూసి ఒక అంచనాకు వస్తారు. సొంత ఖర్చుతో తొలి పుస్తకం వేసుకున్నవారికి ఈ వెసులుబాటు లేదు. మీరు రాసిందే ఆ పుస్తకానికి మొదటి సమీక్ష, చాలాసార్లు అదే చివరిది కూడా. జాలిపడి పొగిడినా, విసుగొచ్చి కొట్టిపారేసినా సరిదిద్దే రెండో గొంతు ఉండదు. ఆ పుస్తకం ఎలాంటిది, ఎవరికి నచ్చుతుంది, ఎక్కడ తడబడింది అన్నవి కచ్చితంగా చెప్పడమే రచయితకైనా పాఠకులకైనా మనం చేయగల మేలు.

2007 నవంబరులో కిండిల్ అనే ఈబుక్ చదివే పరికరంతో పాటే, రచయితలు నేరుగా ఈబుక్ వేసుకునే వీలును అమెజాన్ కల్పించింది. ఆర్డరు వచ్చినప్పుడే ఒక్కో ప్రతి అచ్చువేసే పద్ధతి కూడా అందుబాటులోకి వచ్చాక, ప్రచురణకర్త తలుపు తట్టకుండానే పుస్తకం తేవడం మామూలైపోయింది. వడపోత లేకుండా వచ్చే ఈ పుస్తకాల్లో మేలిమి రచనలూ ఉన్నాయి, తొందరపడి వేసినవీ ఉన్నాయి. ఏది ఏదో శ్రద్ధగా చదివి చెప్పేవాళ్లు కావాలి.

మొదటి అడుగు: ఏ పుస్తకం తీసుకోవాలి?

పుస్తకాలు మూడు దారుల్లో వస్తాయి. రచయితలే పంపుతారు. నెట్‌గ్యాలీ, బుక్‌సైరెన్స్ వంటి వేదికల్లో సమీక్షకోసం ముందస్తు ప్రతులు అడగవచ్చు. లేదా మీరే వెతుక్కుంటారు. నా ఉద్దేశంలో మూడోదే మంచిది. చిన్న ప్రచురణ సంస్థల జాబితాలు, సాహిత్య పత్రికల్లో కథలు, కవితలు రాస్తూ ఇప్పుడిప్పుడే సంపుటి తెచ్చినవారి పేర్లు, పోటీల తుది జాబితాలో నిలిచి బహుమతి రానివారి పుస్తకాలు గమనిస్తూ ఉండండి. అడిగినవాళ్ల పుస్తకాలే చదివితే, అడగడం చేతకాని మంచి రచయితలు ఎప్పటికీ మీ కంటపడరు.

ఒప్పుకునే ముందు ఈబుక్ దుకాణాల్లో ఉచితంగా చూపించే తొలి పేజీలు చదవండి. అయితే చాలామంది రచయితలు ఎక్కువసార్లు చెక్కేది మొదటి అధ్యాయాన్నే. వీలైతే మధ్యలోంచి ఒక అధ్యాయం పంపమని అడగండి. పుస్తకం అసలు స్థాయి అక్కడ తెలుస్తుంది.

ఇంకో రెండు ప్రశ్నలు మిమ్మల్ని మీరు వేసుకోవాలి. ఈ రచయిత నాకు స్నేహితుడా, బంధువా, నాకు రుణపడ్డవాడా, నేను రుణపడ్డవాడా? అవునంటే వదిలేయండి. కుటుంబసభ్యులు, దగ్గరి స్నేహితులు రాసే సమీక్షలను అమెజాన్ కూడా అనుమతించదు. రెండోది: ఈ తరహా రచన అంటేనే నాకు పడదా? ప్రేమకథలంటే మొదటినుంచీ చులకన ఉన్నవారు ప్రేమనవలకు న్యాయం చేయలేరు. నచ్చదని ముందే తేల్చుకున్న పుస్తకాన్నీ, స్నేహం కొద్దీ నచ్చి తీరాల్సిన పుస్తకాన్నీ సమీక్షకు తీసుకోవద్దని అమెరికన్ రచయిత జాన్ అప్‌డైక్ 1975లో సమీక్షకులకు చెప్పాడు. ఆ మాట ఇప్పటికీ మొదటి జల్లెడగా పనికొస్తుంది.

కాదనాల్సి వస్తే రెండు వాక్యాలు చాలు: "మీ పుస్తకం పంపుతానన్నందుకు కృతజ్ఞతలు. ఇది నేను బాగా చదివే కోవలోది కాదు కనుక న్యాయం చేయలేను." వీలైతే ఆ కోవ పుస్తకాలు చదివే మరొకరి పేరు చెప్పండి. జవాబివ్వకుండా ఊరుకోవడం మాత్రం వద్దు. ఎదురుచూపులోనే చాలామంది రచయితలు డీలాపడిపోతారు.

రెండో అడుగు: ముందే మాట్లాడుకోవాల్సినవి

ప్రతి తీసుకునే ముందు రచయితకు నాలుగు సంగతులు రాతపూర్వకంగా చెప్పండి. సమీక్ష రాస్తాననే హామీ లేదు. రాస్తే బాగుందనే రాస్తాననీ కాదు. ప్రచురించే ముందు మీకు చూపించను. ఫలానా తేదీలోగా రాయలేకపోతే ఆ సంగతి చెబుతాను. ఈ నాలుగూ ముందే తేలితే తర్వాత వచ్చే మనస్పర్థల్లో చాలావరకు పుట్టనే పుట్టవు.

డబ్బు తీసుకోవద్దు. పుస్తకం ఉచితంగా అందుకోవడం తప్పుకాదు. సమీక్ష తప్పనిసరి అనకుండా, ఫలానావిధంగా రాయమనకుండా ఇచ్చే ఉచిత ప్రతులను అమెజాన్ కూడా ఒప్పుకుంటుంది. కానీ ఆ సంగతి పాఠకులకు తెలియాలి. వినియోగదారుల రక్షణ చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009లోనే ఆన్‌లైన్‌లో రాసేవారు ఉచితంగా అందుకున్న వస్తువుల గురించి చెప్పాలని తన మార్గదర్శకాల్లో చేర్చింది. 2024 అక్టోబరులో అమల్లోకి వచ్చిన నిబంధనతో నకిలీ సమీక్షలను, పొగడాలనో తెగడాలనో షరతు పెట్టి కొనుక్కునే సమీక్షలను నిషేధించింది. మీరు ఏ దేశంలో ఉన్నా "ఈ పుస్తకం రచయిత నుంచి సమీక్షకోసం ఉచితంగా అందింది" అన్న ఒక్క వాక్యం సమీక్ష మొదట్లోనే పెట్టండి. చివర చిన్న అక్షరాల్లో దాచకండి.

1933 నుంచి ఉన్న అమెరికన్ పుస్తక సమీక్షా పత్రిక కర్కస్ వంటి సంస్థలు, సొంతంగా పుస్తకాలు వేసుకునే స్వతంత్ర రచయితల దగ్గర రుసుము తీసుకుని సమీక్షలు రాయిస్తాయి. అది వాళ్లు బహిరంగంగానే నడిపే వృత్తిసేవ. రచయితకూ మీకూ మధ్య గుట్టుగా చేతులు మారే డబ్బు వేరే సంగతి. రెండింటినీ ఒకే గాటన కట్టకండి, రెండోదాని జోలికి పోకండి.

మీ చేతికొచ్చింది ఏ ప్రతో కూడా రాసిపెట్టుకోండి. అది దిద్దుబాట్లు కాని ముందస్తు ప్రతి అయితే, అందులోంచి ఎత్తి రాసే వాక్యాలను తుదిప్రతితో సరిచూడాలి. స్వతంత్ర ప్రచురణలో ఇంకో చిక్కుంది. ఈబుక్ అయినా, ఆర్డరు మీద అచ్చయ్యే పుస్తకమైనా రచయిత ఎప్పుడు కావాలంటే అప్పుడు కొత్త ఫైలు పెట్టుకోవచ్చు. మీరు ఎత్తిచూపిన అచ్చుతప్పులు వచ్చే వారానికి మాయమైపోవచ్చు. అందుకే మీరు చదివిన ప్రతి ఎప్పటిదో, ముద్రణలో ఏ కూర్పో సమీక్షలో ఒక ముక్క చెప్పండి. పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్ ఉంటే అదీ ఇవ్వండి. ఒకే పేరుతో రెండు పుస్తకాలున్నప్పుడు పాఠకులకు దారి చూపేది ఆ సంఖ్యే.

మూడో అడుగు: చదవడం

ముందుమాట, రచయిత పరిచయం, వెనక అట్టమీది ప్రశంసలు చివర చదవండి. అవి మీ అభిప్రాయాన్ని ముందే మలిచేస్తాయి. తిన్నగా మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టండి.

చదువుతున్నప్పుడు తీర్పులు రాసుకోకుండా, మీకు జరిగినవి రాసుకోండి. ఏ పేజీలో పుస్తకం పక్కన పెట్టారు? ఎక్కడ ఇంకా ఎన్ని పేజీలున్నాయో చూసుకున్నారు? ఎక్కడ వెనక్కి తిప్పి మళ్లీ చదివారు, అర్థంకాకనా, బాగుందనా? అపరాధ పరిశోధన నవలైతే ఏ పేజీ దగ్గర ఎవరిని అనుమానించారు? ఈ గుర్తులు తర్వాత మీ దగ్గరుండే అసలైన సాక్ష్యం. పుస్తకం మూసేశాక మిగిలేది ఒక మొత్తం భావన మాత్రమే, దానికి కారణాలు అప్పటికే చెదిరిపోతాయి.

స్వతంత్ర రచయితల పుస్తకాల్లో లోపాలు మూడు పొరల్లో ఉంటాయి. వాటిని విడదీయడం తెలిస్తే సమీక్షలో సగం పని అయినట్టే.

పైపొర అచ్చుతప్పులు. అక్షరం తారుమారు, విరామచిహ్నం జారడం, పేరా విరగాల్సిన చోట విరగకపోవడం. పెద్ద సంస్థల పుస్తకాల్లోనూ ఇవి ఉంటాయి. అక్కడక్కడా అయితే ప్రస్తావించక్కర్లేదు. ప్రతి పేజీలో తగిలి చదువుకు అడ్డొస్తుంటే ఒక వాక్యంలో చెప్పాలి, జాబితా ఇవ్వొద్దు.

దాని కిందిది సంపాదకుడు లేని లోటు. రెండో అధ్యాయంలో అక్క అయిన పాత్ర పదో అధ్యాయంలో చెల్లెలవుతుంది. సోమవారం మొదలైన ప్రయాణం రెండురోజుల తర్వాత కూడా సోమవారమే. ఒకే విషయం మూడుచోట్ల కొత్తగా చెబుతారు. మంచి కథకు ముందు యాభై పేజీల పరిచయం అడ్డుగా ఉంటుంది. ప్రతిభావంతులైన రచయితలను ఎక్కువగా దెబ్బతీసేది ఈ పొరే. రాసినవారికి తమ రాతలోని ఈ ఖాళీలు కనబడవు, మరొకరు చూడాలి. ఇలాంటివి కనబడితే నిర్దిష్టంగా రాయండి. "మొదటి యాభై పేజీలు దాటితే నవల కుదురుకుంటుంది" అనే వాక్యం పాఠకులను పుస్తకానికి దూరం చేయదు. ఎక్కడిదాకా ఓపిక పట్టాలో చెబుతుంది.

అన్నిటికన్నా లోపల ఉన్నది రచన తాలూకు బలం, బలహీనత. పాత్రలన్నీ ఒకేలా మాట్లాడటం, సంఘటనలు రచయిత అవసరానికి జరగడం, చెప్పదలుచుకున్నది సంభాషణల్లో ఉపన్యాసంగా మారడం. ఏ సంపాదకుడూ వీటిని పూర్తిగా బాగుచేయలేడు. మీ తీర్పు నిలబడాల్సింది ఈ పొరమీదే. చాలామంది పైపొర చూసి లోపలిదానికి తీర్పు చెబుతారు. అచ్చుతప్పులున్న గొప్ప కథ ఉంటుంది, ఒక్క తప్పూ లేని నిర్జీవమైన కథా ఉంటుంది.

పుస్తకం పూర్తి చేయలేకపోతే సమీక్ష రాయకపోవడం ఒక దారి. రాయాలనే ఉంటే ఎన్నో పేజీలో, ఎందుకు ఆగిపోయారో స్పష్టంగా చెప్పండి, నక్షత్రాలు ఇవ్వకండి.

నాలుగో అడుగు: ఏ తరహా పుస్తకానికి ఏ కొలత

రచయిత ఏం చేయాలనుకున్నారో ముందు అర్థం చేసుకుని, ఆ పని ఎంతవరకు నెరవేరిందో చూడాలి. ఒక్కో తరహా రచన పాఠకులకు ఒక్కో మాట ఇస్తుంది.

అపరాధ పరిశోధనలో ఆ మాట న్యాయమైన ఆట. హంతకుడెవరో తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే ఆధారాలు కళ్లముందే ఉండాలి. ఆధారాలు ఉన్నాయా లేదా అన్నది అవి ఏమిటో చెప్పకుండానే చెప్పవచ్చు. ప్రేమనవలలో ఇద్దరూ కలుస్తారని పాఠకులకు ముందే తెలుసు. దాన్ని లోపంగా రాయడమంటే ఆ తరహాయే తెలియకపోవడం. వాళ్లను విడదీసిన అడ్డంకి నిజమైనదా, ఐదు నిమిషాలు మాట్లాడుకుంటే తీరిపోయేదా అన్నది అడగండి. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీల్లో ఆ ప్రపంచపు నియమాలు చూడండి. అసాధ్యమైన శక్తులుండటం సమస్య కాదు. కష్టం వచ్చినప్పుడల్లా ఒక కొత్త శక్తి పుట్టుకొస్తే కథలో ప్రమాదం అన్నదే మిగలదు.

కథాసంపుటిని సమీక్షించేటప్పుడు పన్నెండు కథలకు పన్నెండు వాక్యాలు రాసే అలవాటు మానుకోవాలి. అది విషయసూచిక అవుతుంది. మూడు కథలు ఎంచుకోండి: బాగా పండినది ఒకటి, రచయిత ప్రత్యేకతను పట్టిచ్చేది ఒకటి, పండనిది ఒకటి. ఆ మూడింటిలోకి లోతుగా వెళ్లండి. కథల వరుస ఏమైనా చేస్తోందా అన్నది కూడా చూడండి.

కవిత్వం దగ్గర చాలా సమీక్షలు చతికిలబడతాయి. కవి ఏ విషయాలమీద రాశారో చెప్పి ఊరుకుంటాయి. వస్తువు మంచిదైతే కవిత మంచిది అయిపోదు. పైకి చదవండి. పాదం ఎక్కడ విరిగిందో, అక్కడే ఎందుకు విరిగిందో చూడండి. ఒక పోలిక మీకు కొత్తగా అనిపిస్తే అది ఎందుకు కొత్తదో చెప్పండి. అరిగిపోయిన పోలికలు ఉంటే అవి పుస్తకమంతా ఉన్నాయా, కొన్ని చోట్లేనా? రెండు మూడు పాదాలు తప్పక ఎత్తి రాయండి, కానీ చిన్న కవితను మొత్తంగా దించేయకండి. విమర్శకోసం కొంత భాగం ఉదహరించడాన్ని అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందమైన బెర్న్ ఒప్పందం పదో అధికరణం అనుమతిస్తుంది. అవసరమైనంత మేరకే తీసుకోవాలి, రచయిత పేరు, మూలం చెప్పాలి అన్నవి దాని షరతులు.

ఆత్మకథలో మనిషి జీవితానికి మార్కులు వేయకండి. ఎంత బాధపడ్డారన్నది రచన నాణ్యతకు కొలమానం కాదు. తనకు ఇబ్బంది కలిగించే చోట రచయిత ఆగి చూశారా, పక్కకు తప్పుకున్నారా అన్నది చూడండి.

సమాచార గ్రంథాలకు మాత్రం మీ సమయం ఎక్కువ పెట్టాలి. సంపాదకవర్గం, విషయ నిపుణుల పరిశీలన లేకుండా వచ్చిన పుస్తకమైతే ఆ పరిశీలనలో కొంత భాగం మీరే చేయాల్సి వస్తుంది. పుస్తకంలో వేర్వేరు చోట్ల నుంచి ఐదారు వాస్తవాలు తీసి స్వతంత్రంగా సరిచూడండి: ఒక తేదీ, ఒక గణాంకం, ఒకరి పేరుమీద చెప్పిన మాట. ఆధారాలు ఇచ్చారా, ఇచ్చిన ఆధారం నిజంగా ఆ మాటే చెబుతోందా? ఆరోగ్యం, డబ్బు, చట్టం గురించిన పుస్తకాల్లో ఇది తప్పనిసరి. అక్కడ తప్పు సమాచారానికి పాఠకులే మూల్యం చెల్లిస్తారు. శైలి ఎంత హాయిగా ఉన్నా తప్పులుంటే అదే ముందు చెప్పాలి.

పిల్లల పుస్తకాలను పిల్లలతో కలిసి, పైకి చదివి చూడండి. ఎక్కడ వాళ్లు పేజీ తిప్పమన్నారో, ఎక్కడ కిటికీవైపు చూశారో గమనిస్తే చాలు, మీకు వేరే ప్రమాణం అక్కర్లేదు.

ఐదో అడుగు: రాయడం

తెలియని రచయిత కాబట్టి మొదటి పేరాలోనే పాఠకులకు ఆనవాలు కావాలి. ఏ తరహా పుస్తకం, ఎంత నిడివి, దేని గురించి, ఏ స్వరంలో. కథ చెప్పడం మొదటి పాతికశాతం దగ్గర ఆపేయండి. అక్కడికి సమస్య ఏమిటో తెలిసిపోతుంది, మిగిలింది పాఠకులదే.

ఆ తర్వాత ఉదాహరణ. రచయిత స్వరం వినబడేలా కనీసం ఒక్క పేరా అయినా యథాతథంగా ఇవ్వండి. పేరున్నవారి శైలి పాఠకులకు ముందే పరిచయం. కొత్తవారిది మీరు వినిపిస్తేనే తెలుస్తుంది. మీ విశేషణాలన్నిటికంటే ఆ పేరా ఎక్కువ పనిచేస్తుంది. చదివినవాళ్లు మీతో విభేదించి మరీ పుస్తకం కొనుక్కోవచ్చు.

తీర్పు వాక్యాలు ఎలా ఉండాలో ఒక ఊహాత్మక నవలతో చూద్దాం. ఓడరేవులో లెక్కలు రాసే గుమాస్తా ఒకరు, మాయమైన సరుకు గురించి నోరు విప్పాలా వద్దా అని సతమతమయ్యే కథ అనుకోండి. సాధారణంగా ఇలా రాస్తారు: "శైలి అద్భుతంగా ఉంది. పాత్రలు సజీవంగా ఉన్నాయి. చివరిదాకా ఆపకుండా చదివిస్తుంది." ఈ మూడు వాక్యాలను ఏ పుస్తకానికైనా అంటించవచ్చు. ఇలా రాసి చూడండి: "గుమాస్తా భయం గురించి రచయిత ఒక్కసారి కూడా నేరుగా చెప్పరు. అతను అంకెలు రాసే తీరు మారుతూ వస్తుంది, కొట్టివేతలు పెరుగుతాయి, చివరికి తన సంతకాన్ని తానే గుర్తుపట్టలేని స్థితికి వస్తాడు. ఆ లెక్కల పుస్తకం ద్వారానే మనిషి లోపలికి తీసుకెళ్లారు." ఇప్పుడు ఈ నవల మరో నవలలా లేదు.

విమర్శకూ ఇదే పద్ధతి. "రెండో సగం సాగదీశారు" అన్నది ఫిర్యాదు. "విచారణ మొదలయ్యాక నాలుగు అధ్యాయాలు అధికారుల సంభాషణలతోనే నడుస్తాయి. ఆ నాలుగింటిలోనూ గుమాస్తా కనబడడు, అతనితో పాటే నవల ఊపిరి కూడా పోతుంది" అన్నది విమర్శ. దీన్ని చదివిన రచయితకు ఏం జరిగిందో తెలుస్తుంది. పాఠకులు తమకు అది అడ్డంకో కాదో తేల్చుకుంటారు.

కొన్ని మాటలు సమీక్షలోకి రానివ్వకండి. "మొదటి ప్రయత్నమే అయినా", "వర్ధమాన రచయిత కాబట్టి", "సొంతంగా వేసుకున్న పుస్తకం అయినప్పటికీ". వీటిలో ఉన్నది దయ అనుకుంటాం, నిజానికి అవి పుస్తకాన్ని తక్కువ వరసలో కూర్చోబెడతాయి. "భవిష్యత్తులో మంచి రచనలు రావాలని ఆశిద్దాం" అన్న ముగింపూ అంతే, అది ఉన్న పుస్తకం గురించి ఏమీ చెప్పదు. సమీక్ష పాఠకులతో మాట్లాడేది. రచయితకు సలహాలు ఇవ్వాలనిపిస్తే, వాళ్లు అడిగితేనే, విడిగా ఉత్తరం రాయండి.

నిడివి ఐదారువందల పదాలు చాలు. పుస్తక దుకాణాల్లో పెట్టేదైతే నూట యాభై పదాలకు కుదించి వేరేగా రాయండి. పెద్దదాన్ని మధ్యలో కత్తిరించి పెట్టవద్దు.

ఆరో అడుగు: నక్షత్రాలు

రేటింగు అడిగే చోట లెక్క ఒకసారి చూసుకోండి. ఒక పుస్తకానికి రెండే రేటింగులున్నాయి, రెండూ ఐదు నక్షత్రాలవి. మీరు రెండు నక్షత్రాలు ఇచ్చారు. సగటు ఐదు నుంచి నాలుగుకు పడిపోతుంది. వెయ్యి రేటింగులున్న పుస్తకానికి మీ రెండు నక్షత్రాలు చుక్కంత కూడా తేడా తేవు. అలాగని పెంచి ఇవ్వమనడం లేదు, పెంచిన రేటింగు చూసి కొన్నవారు రెండోసారి ఏ కొత్త రచయితనూ నమ్మరు. మీ దగ్గర ఒక నక్షత్రానికి, మూడింటికి, ఐదింటికి అర్థం ఏమిటో రాసి అందరికీ కనబడేలా ఉంచండి. పేరున్నవారికీ లేనివారికీ అదే కొలబద్ద వాడండి. పోలిక అదే తరహా పుస్తకాలతో ఉండాలి. ఎంపిక మీ చేతిలో ఉంటే నక్షత్రాలు లేకుండా రాయడమే నాకు ఇష్టం.

ఏడో అడుగు: ప్రచురణ, ఆ తర్వాత

రాసిన వెంటనే పెట్టకండి, ఒకరోజు ఆగండి. మళ్లీ చదివేటప్పుడు పాత్రల పేర్లు, రచయిత పేరు అట్టమీద ఎలా ఉందో అలాగే ఉన్నాయా, ఎత్తి రాసిన వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయా, కథ గుట్టు ఎక్కడైనా బయటపడిందా చూడండి. రచయిత పేరులో ఒక్క అక్షరం తప్పినా వెతికేవారికి ఆ పుస్తకం దొరకదు. పుస్తకం ఎక్కడ ఏ రూపంలో దొరుకుతుందో చివర తప్పక ఇవ్వండి.

లింకు రచయితకు ఒకసారి పంపండి. అభ్యంతరం వస్తే అది వాస్తవం గురించా, అభిప్రాయం గురించా అన్నది విడదీయండి. "అతను వకీలు కాదు, గుమాస్తా" అంటే వెంటనే సరిదిద్ది, సరిదిద్దినట్టు అక్కడే రాయండి. "మీకు నా నవల అర్థంకాలేదు" అంటే మర్యాదగా ఒక్క జవాబిచ్చి ఆగిపోండి. సమీక్ష తీసేయమని అడిగితే తీయక్కర్లేదు.

చదివిన పుస్తకాలకు ఒక పట్టిక ఉంచుకోండి: ఎప్పుడు వచ్చింది, ఎలా వచ్చింది, ఏ కూర్పు, రాశారా, రాయకపోతే ఎందుకు. ఆరునెలలకోసారి దాన్ని చూస్తే మీరు ఏ తరహా పుస్తకాలను, ఎలాంటి రచయితలను దాటవేస్తున్నారో కనబడుతుంది. తర్వాతి పుస్తకాన్ని ఆ ఖాళీలోంచి ఎంచుకోవచ్చు. అదే రచయిత రెండో పుస్తకం వస్తే, మొదటిదాని మీద మీరు రాసింది ముందు చదవకండి. కొత్త పుస్తకం పూర్తయ్యాక పాత సమీక్ష తీసి, అప్పుడు ఎత్తిచూపినవాటిలో ఏవి మారాయో, ఏవి అలాగే ఉన్నాయో పేజీ సంఖ్యలతో పోల్చి రాయండి.